ఆసుపత్రిలో ఎందుకు చేరామో రాయించుకుందాం

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశాను. అందులో చాలాకాలం మెడికల్ బిల్లులు నా సీటులోనే ఉండేవి. ఎన్ని కొర్రీలు వేశానో లెక్కలేదు. నిరుడు ఆ కొర్రీ నాకే వచ్చింది.

ఒకనాటి రాత్రి రెండు గంటలకు నా భార్యకు గుండెల్లో బరువు, ఎడమచేయి లాగడం, ఒళ్లంతా చెమటలు. ఆటోలో దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. కౌంటరులో "ఎందుకు వచ్చారు?" అని అడిగితే మా అబ్బాయి కంగారులో "గుండె చెకప్‌కండీ" అన్నాడు. వాళ్లు అదే రాసుకున్నారు. డిశ్చార్జి సమ్మరీలోనూ అదే మాట దిగింది. భగవంతుని దయవల్ల మనిషి దక్కింది. బిల్లు మాత్రం తిరిగివచ్చింది. "చెకప్ కొరకు చేరినట్లున్నది. అత్యవసరమని రుజువు కాలేదు."

కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆ రాత రాసినవాణ్ణి నేనే గదా! వెనకటికి ఒక అటెండరు భార్య, భర్త పోయిన నెలకు, ఆయన వైద్యం బిల్లు తెచ్చింది. చేరిన కారణం లేదని వెనక్కి పంపాను. రూలు ప్రకారం తప్పులేదు. కానీ ఏ కాగితం ఎవరిచేత రాయించి తేవాలో ఆమెకు చెప్పలేదు. ఆమె మళ్లీ రాలేదు.

అయ్యా, చేరిన కారణం వేరు, చివరకు తేలిన జబ్బు వేరు. నొప్పితో వెళితే గ్యాసని తేలవచ్చు. వెళ్లింది మాత్రం నొప్పితోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల వర్గీకరణ పదవ కూర్పులో గొంతు, ఛాతీ నొప్పికి ఆర్ 07, ఏ బాధా లేకుండా చేయించుకునే సాధారణ పరీక్షకు జెడ్ 00 అని వేరువేరు సంకేతాలున్నాయి. ఒక్క మాటతో కాగితం అర్థమే మారిపోతుంది.

కాబట్టి నా మనవి:

1. కౌంటరులో "చెకప్" అనకండి. బాధ ఏమిటో, ఎప్పుడు మొదలైందో చెప్పండి. ఇంట్లో పిల్లలకూ నేర్పండి.

2. డిశ్చార్జి సమ్మరీని ఆసుపత్రి గడప దాటకముందే చదవండి. కారణం, చేరిన తేదీ, పేరు సరిచూడండి.

3. ఎసెన్షియాలిటీ, ఎమర్జెన్సీ సర్టిఫికెట్లలోని తేదీలు సమ్మరీతో కలవాలి. డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి.

4. డిశ్చార్జి అయిన ఆరు నెలల లోపు బిల్లు పెట్టండి.

5. జరగనిది రాయమని డాక్టరును అడగవద్దు. అది నేరం. పైగా రేపు మరో డాక్టరు ఆ కాగితం చూసే వైద్యం చేస్తాడు.

మా విషయంలో ఆ రాత్రి డ్యూటీ డాక్టరు కేస్‌షీటులో బాధలన్నీ గంటతో సహా రాసి ఉంచారు. దాన్ని చూసి సమ్మరీ సరిచేసి ఇచ్చారు. నాలుగు నెలలు తిరిగాక బిల్లు పాసయింది.

ప్రతి బుధవారం ఉదయం నేను సంఘం ఆఫీసులో ఉంటాను. బిల్లు పెట్టేముందు కాగితాలు తీసుకురండి. ఆనాడు ఆ తల్లికి చెప్పవలసింది మీకైనా చెబుతాను.

సెలవు.