కత్తి కంటే ముందు కర్ర: దమ్మపేటలో సాము మొదలుపెట్టేవాళ్లకి

ఈ బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టాను, ఒక్కోటీ చూడండి. మొదటిది షోకేసులో పెట్టుకోడానికి అమ్మే తళతళలాడే స్టీలు కత్తి. రెండోది లారీ కమాన్ పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి చేసిన నాటు కత్తి. మూడోది పాతకాలపు కత్తియుద్ధాన్ని సాధన చేసేవాళ్ల కోసమే తయారయ్యే మొద్దు అంచు కత్తి, దీన్ని ఫెడర్ అంటారు. నాలుగోది పేము కర్ర.

సినిమాలు చూసో, పండగల్లో కర్రసాము చూసో మన దమ్మపేట, అశ్వారావుపేట వైపు కుర్రాళ్లకి కత్తి పట్టాలని మనసవుతుంది. మంచి కోరికే. అయితే అందరూ ముందుగా అడిగేది కత్తి ఎక్కడ దొరుకుతుందని. మొదటి ఏడాది మీ చేతిలో ఉండాల్సింది ఆ నాలుగోది, పేము కర్ర. మొదటి రెండిటినీ మాత్రం ఎన్నేళ్లు సాధన చేసినా ఎదుటి మనిషి మీదకి ఎత్తకూడదు. కారణం లోహంలోనే ఉంది, అక్కణ్ణించే మొదలుపెడదాం.

ఈ షోకేసు కత్తి పిడి విప్పాను. కత్తి రేకు వెడల్పుగానే ఉంది కదా, పిడిలోకి వెళ్లేసరికి ఏమైందో చూడండి. సన్నటి బోల్టు ముక్క, దాన్ని రేకుకి వెల్డింగ్ పెట్టి అతికించారు. గోడకి తగిలిస్తే పర్వాలేదు. జోరుగా తిప్పితే మాత్రం బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది. అతుకు తెగిందంటే పిడి మీ చేతిలో మిగులుతుంది, రేకు ఎగిరి ఎటు పోతుందో మీ అదుపులో ఉండదు. సాధన కత్తిలో రేకు, పిడి లోపలి భాగం రెండూ ఒకే ఉక్కు ముక్క. పిడి చివరిదాకా పోయి అక్కడ గట్టిగా బిగించి ఉంటుంది.

ఇక నాటు కత్తి. కమాన్ పట్టీ మంచి స్ప్రింగు ఉక్కే, అందులో అనుమానం లేదు. మన కమ్మరి కొలిమిలో దానితో కొడవళ్లు, గొడ్డళ్లు అద్భుతంగా తయారవుతాయి. కానీ ఆ పట్టీకి వంగి మళ్లీ నిలబడే గుణం ఫ్యాక్టరీలో ఇచ్చిన వేడి లెక్క వల్ల వచ్చింది. కొలిమిలో ఎర్రగా కాలగానే ఆ లెక్క చెరిగిపోతుంది. మళ్లీ 800 డిగ్రీలు దాటేదాకా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, దాంతోపాటే పెళుసవుతుంది. ఆ పెళుసుతనం పోవాలంటే తక్కువ వేడిలో ఇంకోసారి కాల్చాలి, అదీ మూడడుగుల పొడవునా ఒకే తీరుగా. కొడవలికి అంచు గట్టిపడితే చాలు, కాబట్టి కొలిమి పనితనం దానికి సరిగ్గా సరిపోతుంది. కత్తికి కత్తి తగిలే దెబ్బకి సరిపోదు. ఎక్కడ పెళుసు మిగిలిందో కంటికి కనపడదు, విరిగినప్పుడే తెలుస్తుంది.

మన నేల ఉక్కుకి పెట్టింది పేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కుని పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ఆ మాట చెప్పుకున్న ప్రతిసారీ నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. అయితే కర్బనం ఎక్కువున్న ఆ ఉక్కు కోయడానికి పుట్టింది. సాధనకి కావాల్సింది కోయని ఉక్కు, పొడిస్తే వంగి పక్కకి తప్పుకునే ఉక్కు.

అందుకే ఈ ఫెడర్ ఇలా ఉంటుంది. అంచు మందంగా, గుండ్రంగా ఉంది. మొన చదునుగా ఉంది, దాని మీద రబ్బరు తొడుగు వేశారు. నేలకి ఆనించి నొక్కితే విల్లులా వంగి, వదిలేస్తే తిన్నగా వస్తుంది. మొన సంగతి చిన్న లెక్కతో చెప్తాను. చదరపు మిల్లీమీటరు ఉన్న మొనకి, పది మిల్లీమీటర్ల పొడవు వెడల్పున్న మొనకి తేడా వంద రెట్లు. అదే చేయి, అదే బలం, కానీ చర్మం మీద పడే ఒత్తిడి నూరో వంతుకి తగ్గుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్న కత్తి కూడా విరుగుతుంది. 1982లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఫెన్సింగ్ పోటీల్లో సోవియట్ ఆటగాడు వ్లాదిమిర్ స్మిర్నోవ్ అలాగే పోయాడు. 1980 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మనిషి. ఎదుటివాడి కత్తి విరిగి, ఆ పదునైన ముక్క ఆయన మాస్క్‌ని చీల్చుకుని లోపలికి పోయింది. ఆ తర్వాతే మాస్కులకి, జాకెట్లకి, కత్తి ఉక్కుకి నిబంధనలు బిగిశాయి. ఈ రోజు మనం దుకాణంలో చూసే 350, 800, 1600 న్యూటన్ అనే అంకెల వెనక ఆ చావు ఉంది.

ఆ అంకెలకి అర్థం ఏంటంటే, గుడ్డని చీల్చడానికి ఎంత బలం కావాలో చెప్పే కొలత. 1600 న్యూటన్లంటే సుమారు 163 కిలోల బరువు మోపినంత. మొన దిగకుండా ఆపుతుందని దాని హామీ. దెబ్బ నొప్పి పెట్టదని, ఎముక విరగదని అది చెప్పదు. 1600 రాసున్న జాకెట్ వేసుకున్నా బరువైన కత్తి మోచేతి మీద పడితే ఎముక చిట్లొచ్చు. అందుకే జాకెట్ మీద మోచేతికి, ముంజేతికి గట్టి ప్లాస్టిక్ కాపులు, గొంతుకి వేరే పట్టీ, తల వెనక భాగానికి వేరే కవచం కావాలి. ఫెన్సింగ్ మాస్క్ ముందు నుంచి వచ్చే పోటు కోసం తయారైంది, తల వెనక భాగాన్ని అది దాదాపు ఖాళీగా వదిలేస్తుంది.

క్రికెట్ హెల్మెట్ సరిపోతుందా అంటే, సరిపోదు. దాని ముందున్న గ్రిల్ సందులు బంతిని ఆపేలా ఉంటాయి, కత్తి మొన వాటిలోంచి సులువుగా దూరిపోతుంది. బైక్ హెల్మెట్ గొంతుని కాపాడదు. కాబట్టి ముఖానికి మాత్రం ఫెన్సింగ్ మాస్కే కొనండి. మన ఊళ్లో దొరకదు, తెప్పించుకోవాలి. మీరు పెట్టే మొదటి రూపాయి దాని మీదే పెట్టండి. క్రికెట్ కిట్‌లోంచి అబ్డామినల్ గార్డ్ వాడుకోవచ్చు. బ్యాటింగ్ గ్లోవ్స్ కర్రతో మెల్లగా చేసే సాధనకి పనికొస్తాయి. ఉక్కు కత్తికి మాత్రం వాటిని నమ్మొద్దు, ఈ విద్యలో అందరికంటే ముందు దెబ్బ తినేవి వేళ్లే.

ఇప్పుడు కర్ర దగ్గరికి వద్దాం. మన అడవిలో వెదురుకి కొదవ లేదు, కర్రసాముకి అందరూ అదే నరుకుతారు. ఒంటరిగా తిప్పుకోడానికి వెదురు బాగుంటుంది. ఇద్దరు కర్రకి కర్ర కొట్టుకున్నప్పుడు చిక్కొస్తుంది. వెదురు నిలువునా చీలుతుంది, ఆ పేడు సూదిలా ఉంటుంది, కంటికి ప్రమాదం. జపాన్ కెండో వాళ్లు వెదురు కత్తే వాడతారు, కానీ సాధనకి ముందు దాన్ని పేడు పేడుగా పరీక్షిస్తారు. పేము అలా చీలదు, చివర్లలో పీచుపీచుగా నలుగుతుంది. అమెరికాలో 1966 నుంచి మధ్యయుగపు పోరాటాలు ఆడుతున్న సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం వాళ్లు ఒంటినిండా కవచాలు తొడుక్కుని కూడా పేము కర్రలతోనే కొట్టుకుంటారు. కర్ర పట్టడం చిన్నతనం అనుకోవద్దు. ఫెన్సింగ్‌లో మన దేశం నుంచి మొదటిసారి ఒలింపిక్స్‌కి వెళ్లిన భవానీ దేవి చెన్నైలో మొదలుపెట్టింది వెదురు కర్రలతోనే.

సాధన ఎలా? నెమ్మదిగా. ఇది ఓపికకి సంబంధించిన మాట మాత్రమే కాదు, భౌతికశాస్త్రం. దెబ్బలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం సగం చేస్తే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే కొత్తవాళ్లు ఇద్దరూ సగం వేగం దాటకూడదని ముందే ఒప్పుకోవాలి. ఒకరు వేగం పెంచితే రెండోవాళ్లు ఇంకా పెంచుతారు, దానికి అంతుండదు. "ఆగు" అని ఎవరన్నా, చూసేవాళ్లన్నా సరే, కర్ర కిందికి దిగాలి. చుట్టూ నిలబడ్డవాళ్లు మీ చేయి, కర్ర, ఒక అడుగు, మూడూ కలిపినంత దూరానికి అవతల ఉండాలి. పిల్లలుంటే ఆపేయండి.

మన ఎండ సంగతి వేరే చెప్పాలి. చలి దేశాల్లో రూపొందిన ఆ మందపాటి జాకెట్, మాస్క్ వేసుకుని మే నెలలో మధ్యాహ్నం దమ్మపేట గ్రౌండ్‌లో దూకితే కత్తి కంటే వడదెబ్బే ముందు పడగొడుతుంది. తెల్లారగట్ల చేయండి. పది నిమిషాలకోసారి మాస్క్ తీయండి, ఓఆర్ఎస్ గానీ ఉప్పేసిన మజ్జిగ గానీ తాగండి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా ఆ రోజుకి అంతే, నీడకి చేరి ఒళ్లు చల్లబరచండి, తేరుకోకపోతే ఆస్పత్రికి. వానాకాలంలో ఉక్కుకి తుప్పు పడుతుంది. వాడిన వెంటనే చెమట తుడిచి కుట్టుమిషన్ నూనె రాయండి, అంచు మీద గరుకు లేస్తే ఆకురాయితో నున్నగా చేయండి. అడ్డంగా గీత కనిపించిందా, అది పగులు. ఆ కత్తి పని అయిపోయినట్టే.

ఇళ్లల్లో తాతల నాటి కత్తులున్నవాళ్లు కొందరుంటారు. వాటినేం చేయాలో తెలియాలంటే పల్నాడులో కారంపూడి చూడండి. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ పల్నాటి యుద్ధాన్ని మళ్లీ నడిపిస్తారు. కొణతాలు అనే వీరుల ఆయుధాలని ఊళ్ల నుంచి తెచ్చి కొలుస్తారు. అక్కడ ఆ ఆయుధం పూజలో ఉంటుంది, పోటీలో ఉండదు. మీ ఇంటి కత్తినీ అలాగే దసరాకి పూజించండి, సాధనకి దించకండి.

చట్టం కూడా తెలుసుకోండి. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల్లో కత్తులు, 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న రేకులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది, పామాయిల్ గెలలు కోసే కత్తి ఆ కోవలోకి వస్తుంది. సాము కత్తి రాదు. కాబట్టి ఫెడర్ తెప్పించేముందు స్టేషన్‌కి వెళ్లి ఎస్సై గారికి విషయం చెప్పి, అనుమతి ఏమైనా కావాలేమో అడగండి. ఊరేగింపులో, రోడ్డు మీద బయటికి తీయొద్దు.

దగ్గర్లో కర్రసాము నేర్పే గురువుగారు ఎవరైనా ఉంటే వెళ్లి కాళ్లకి దండం పెట్టి చేరండి. అడుగు వేయడం, దూరం అంచనా కట్టడం, చూపు నిలపడం ఆయన దగ్గర నేర్చుకుంటే ఫెడర్ పట్టిన రోజున అవన్నీ పనికొస్తాయి. గురువు దొరక్కపోతే ఇద్దరు స్నేహితులు, రెండు పేము కర్రలు, రెండు మాస్కులు చాలు. మొదటి నెల ఎదురెదురుగా నిలబడి అడుగులే వేయండి, కర్ర మనిషిని తాకకూడదు. రెండో నెల ఒకరు కొట్టడం, ఒకరు కాచుకోవడం, ఏ దెబ్బో ముందే నోటితో చెప్పి. ఆ దెబ్బని తాకే ముందు వేలెడు దూరంలో ఆపగలిగితేనే మూడో నెలకి వెళ్లండి.