కనబడే కోటు, వీపు మీది సంచి
(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమైన పిదప ఎవరైనా నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టినారు. నా విషయము వింటే మీకు నవ్వు రావచ్చును. వేటకు పోయేవాడు ఏ రంగు కోటు తొడగవలెను, వీపున సంచి ఎట్లు తగిలించుకోవలెను అన్నదే నేను చెప్పబోయేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత మన దేశములో వేట నేరము గదా, ఈయన మనచేత నేరము చేయించునా యని కంగారు పడకండి. వేట పోయినను, వేటగాండ్రు ప్రాణాలు పోగొట్టుకొని నేర్చిన పాఠమొకటి మిగిలియున్నది. అది మనకు పనికివచ్చును.

మన భంజనగరమునకు పూర్వము రస్సెల్‌కొండ యని పేరు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడు వరకు ఈ గంజాం సీమ మద్రాసు రాజధానిలోనిదే. ఊరు కదలలేదు, సరిహద్దు కదిలినది. మనము కూర్చున్నచోటనే ప్రవాసాంధ్రులమైనాము. తరువాత ఊరికి కవి ఉపేంద్ర భంజుని పేరు వచ్చినది. చుట్టూ ఘుముసర అడవులు. ఆ రోజులలో ఈ అడవులలో వేట పెద్దవారి వినోదము.

మా తాతగారు పడుచుతనములో ఒక వేటకు తోలువారితో కలిసి పోయినారట. డప్పులు కొట్టి, కేకలు వేసి, మృగమును తుపాకీ ఉన్న మంచెవైపు తోలుట వారి పని. తోలువారి ఒంటిమీద మట్టికొట్టుకొనిపోయిన గుడ్డలు. ఎండుటాకులదీ అదే రంగు. పొద కదిలినది, తుపాకీ పేలినది. కణితి యనుకొన్నది మనిషి. తొడలో దెబ్బ తగిలి, బ్రతికి బయటపడెను గాని చచ్చేదాకా కుంటినాడు. "కాల్చినవాడు దుర్మార్గుడు కాడురా, వాడికి మనిషి కనబడలేదు, అంతే" అనేవారు తాతగారు.

ఇది క్రొత్త సంగతి కాదు. సరయూ తీరమున కుండ మునిగిన చప్పుడు విని ఏనుగనుకొని దశరథుడు బాణము వేసెను. మునికుమారుడు పోయెను, ఆ శాపము అయోధ్యనే కుదిపినది. చెట్టుక్రింద పరుండిన శ్రీకృష్ణుని పాదమును లేడి యనుకొని జరుడనే బోయ కొట్టెను. మన పురాణములలోని పెద్ద పెద్ద దుఃఖములలో కొన్ని ఇట్టి పొరపాటువలననే వచ్చినవి.

అమెరికాలో వేట ఇప్పటికీ చట్టసమ్మతము. అక్కడ చాలా రాష్ట్రములలో తుపాకీతో లేడివేటకు పోయేవాడు నిప్పుకణిక వంటి నారింజ రంగు కోటు గాని టోపీ గాని ధరించి తీరవలెను. కొన్ని రాష్ట్రములలో ఆ రంగు గుడ్డ 400 చదరపు అంగుళములకు, కొన్నిటిలో 500 చదరపు అంగుళములకు తగ్గరాదు. అంత మెరిసే గుడ్డ కట్టుకొంటే లేడి పారిపోదా యని మీరడుగవచ్చును. మనిషి కంటిలో రంగులు పట్టు కణములు మూడు రకములు. లేడికి రెండే రకములు. మనకు మండుతున్నట్లుండే నారింజ రంగు దానికి ఆకులలో కలిసిపోయిన మసక రంగు. పులి ఒంటి రంగు కూడ జింకకు అట్లే కనబడును. లేకున్నచో అంత పచ్చని అడవిలో ఎర్రని పులికి ఆహారమెట్లు దొరుకును? నీలము మాత్రము లేడికి బాగుగా కనబడును.

ఈ రంగు మామూలు అద్దకము కాదు. కంటికి కనబడని అతినీల కిరణములను, నీలి వెలుగును త్రాగి, దానిని నారింజ వెలుగుగా మార్చి బయటికి పంపును. అందుకే తెల్లవారుజామున, మబ్బులో కూడ అది గుడ్డకంటె దీపమువలె కనబడును. అమెరికాలో స్విట్జర్ అనే అన్నదమ్ములు 1930ల్లో ఇట్టి రంగులు తయారుచేసిరి. వారిలో బాబ్ స్విట్జర్ సామాను దించే పనిలో ఉండగా 1933లో పడి, తలకు దెబ్బ తగిలి, చూపు చెడి, చీకటి గదిలో కొంతకాలముండెను. ఆ చీకటిలోనే వెలిగే రంగుల మీద అతనికి ఆసక్తి పుట్టినది. అయితే ఈ రంగు రాత్రివేళ పనిచేయదు. రాత్రికి వెండి పట్టీ కావలెను. దీపపు వెలుగు దానిమీద పడితే వచ్చినవైపుకే తిరిగి పోవును.

ఇక సంచి మాట. వీపున సంచి తగిలించుకొంటే చేతులు రెండూ ఖాళీగా ఉండును. నీళ్లు, త్రాడు, ఈల, దీపము, గాయమునకు కట్టు అందులో ఇముడును. కాని ఒక చిక్కున్నది. సంచి వేసుకోగానే వీపు మీది నారింజ రంగు మూసుకొనిపోవును. ముందునుంచి చూచినవానికి మనిషి, వెనుకనుంచి చూచినవానికి మట్టిరంగు మూట. చంపిన లేడిని వీపున మోసుకొనివచ్చేవాడి సంగతి మరీ ప్రమాదము. అందుచేత తెలిసినవారు సంచికి కూడ నారింజ గుడ్డ చుట్టుదురు.

ఇదంతా నాకెందుకు పట్టినదో చెప్పవలెను. రైలు పట్టాల మీద పనిచేయు మనవారికి కూడ ఇదే రంగు కోటు. తెల్లవారకముందే సుత్తి, రెంచి, ఎర్రజెండా, పచ్చజెండా సంచిలో వేసుకొని మైళ్లకొలది నడుచువారు వారే. ఒకమారు క్రొత్త కోట్ల మూట నా బల్ల ప్రక్కకు వచ్చినది. పుస్తకములో అందరి సంతకములు పడనిదే ఇవ్వకూడదని నేనే పట్టుబట్టితిని. ఇద్దరు సెలవులో ఉన్నారు. మూట తొమ్మిది రోజులు అట్లే పడియుండెను. పదవనాటి తెల్లవారుజామున, ముసురులో, వెలిసిపోయిన పాత కోటు తొడిగి పోయినవాడొకడు బండి ఈల ఆలస్యముగా విని ప్రక్కకు దూకినాడు. మోకాలు చితికినది. ఆసుపత్రికి పోయి చూచితిని. అతడు నన్నొక్క మాటైనా అనలేదు. "గుమాస్తా బాబూ, వానలో ఎందుకొచ్చారు?" అన్నాడు. ఆనాడే మూట విప్పి పంచితిని. సంతకములు తరువాత పెట్టించుకొంటిని. ఆ పని తొమ్మిది రోజుల ముందే చేయవచ్చును గదా!

అందుచేత నా మనవి ఇది. మన పిల్లలు చీకటి వేళ అస్కా రోడ్డు వెంట సైకిలు మీద ట్యూషనుకు పోవుచున్నారు. వారి పుస్తకాల సంచి వెనుక వెండి పట్టీ ఒకటి కుట్టించండి. ముదురు రంగు సంచియైతే పైన నారింజ గుడ్డ కట్టండి. ఇప్పపువ్వు ఏరుకొనుటకు వేకువజామునే అడవికి పోవు స్త్రీలు మీ ఇండ్లకు పనికి వచ్చువారిలో ఉండవచ్చును. వారికొక మంచి రంగు తువాలు పండుగకు ఇవ్వండి. ఖర్చు స్వల్పము.

ఈ రోజున క్రొత్త బట్టలు కొన్నాము గదా! ఎదుటివానికి మనిషిగా కనబడే గుడ్డ ఒకటి వాటితోపాటు ఇంటింటా ఉండుగాక.