అమ్మతో అండమాన్‌కు ఓడలో
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



"ఏదైనా అనుభవం చెప్పు" అన్నారు సంఘం వాళ్లు. ఉద్యోగం సంగతులు చెబితే మీకు నిద్ర వస్తుంది. అందుకని 2023 ఫిబ్రవరిలో మా ఇంటిల్లిపాదీ ఓడెక్కిన సంగతి చెబుతాను.

సముద్రం లేని జిల్లా మనది. అయినా ఓడకూ మనకూ పాత చుట్టరికమే. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 342 మందితో నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా లక్షన్నర మందికి పైగా చెరకు తోటల పనికని అలా పోయినారు. వాళ్లలో అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్లు చాలామంది. ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్య పట్టణం. పోయినవాళ్లలో ఎందరో తిరిగి రాలేదు.

మా మామ అంత దూరం పోలేదు. 1969లో పోర్ట్ బ్లెయిర్ పోయి, ఛాతం రంపపు మిల్లులో పనికి కుదిరినాడు. "కాలాపానీకి పోయినాడు" అని మా అవ్వ ఏడ్చేదంట. ఆయన చివరిసారి మన వైపు వచ్చింది 2006లో. ఆ తర్వాత పక్షవాతం వచ్చి కదల్లేకపోయినాడు. "బతికుండగా ఒకసారి అన్నను చూడాల" అని అమ్మ అంటానే ఉంది. "వచ్చే ఏడు పోదాం లేమ్మా" అని నేను అంటానే ఉన్నా. అట్లా పదకొండేళ్లు గడిచిపోయినాయి.

చివరికి విమానం టిక్కెట్లు చూస్తుంటే అమ్మ అడ్డం పడింది. "ఎగిరిపోయి దిగితే అది ఎంత దూరమో నాకెట్లా తెలుస్తుందిరా? అన్న పోయిన దోవలోనే పోతా" అనింది. అప్పటికి ఆమెకు డెబ్బై అయిదేళ్లు, బీపీ ఉంది. చెన్నై నుంచి సుమారు 1,370 కిలోమీటర్లు. విమానంలో రెండు గంటలు, ఓడలో మూడు రాత్రులు. నడి సముద్రంలో ఏమన్నా అయితే? ఆ ప్రశ్నతో నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

ఒక నోటుబుక్కు కొని రాయడం మొదలుపెట్టినా. పోయేది ఏడుగురం: అమ్మ, నేను, నా భార్య, మా అమ్మాయి, తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లోడు. మొదట డిసెంబరు అనుకున్నా. మామ ఫోనులో, "అల్లుడూ, ఆ నెలల్లో బంగాళాఖాతాన్ని నమ్మొద్దు. సంక్రాంతి దాటినాక రా" అన్నాడు. ఆ డిసెంబరు 9 రాత్రే మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. మన జిల్లా కూడా తడిసి ముద్దయింది. ఆ రాత్రి కిటికీ దగ్గర నిలబడి మామకు మనసులోనే దండం పెట్టుకున్నా.

ఓడ తేదీలు రైలు టైం టేబుల్ మాదిరి ఏడాది ముందు తెలియవు. తెలిసినాక కూడా వాతావరణాన్ని బట్టి, సరుకును బట్టి మారతాయి. కాబట్టి అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు ఖాళీ పెట్టుకోవాల. మేమూ చెన్నైలో చుట్టాలింట్లో ఒక రోజు అదనంగా ఉండాల్సి వచ్చింది. అమ్మ మందులు రెండు సంచుల్లో సర్దినాం, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని. ఓడలో డాక్టరు ఉంటాడని ముందే కనుక్కున్నాం. తీరం దాటినాక సిగ్నలు ఉండదు కాబట్టి, "ఫోను రాకపోతే భయపడొద్దు" అని మామ వాళ్లకు చెప్పి పెట్టినాం. క్యాంటీను ఉన్నా బొరుగులు, నిప్పట్లు, నిమ్మకాయలు, అల్లం మా వెంట తీసుకున్నాం.

ఇంత రాసినవాణ్ని, వాంతుల మాత్ర మాత్రం అందరికీ ఇచ్చి నేను మింగడం మరిచినా. రెండో రోజు ఓడ ఊగుతుంటే మంచం దిగలేదు. ఎవరికి ఏమవుతుందో అని నేను భయపడినానో, ఆ అమ్మే నా తల దగ్గర కూర్చుని నిమ్మకాయ వాసన చూపించింది. సాయంత్రం పైకి తీసుకుపోతే కమ్మీ పట్టుకుని చానా సేపు నీళ్లనే చూసింది. "ఇరవై ఏడేండ్లోడు, ఒక్కడే ఎట్లా పోయినాడో" అనింది. అంతే, మళ్లీ మాట్లాడలేదు.

హ్యాడో రేవులో దిగి మామ ఇంటికి పోయేసరికి ఆయన వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. ఇద్దరూ ఏడుస్తారనుకున్నాం. మామ అడిగిన మొదటి మాట, "మన చింతమాను ఉందా?" అని. "రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసినారు" అనింది అమ్మ. కాసేపు ఇద్దరూ ఊరకున్నారు. తర్వాత అమ్మ సంచి విప్పి నిప్పట్లు తీసింది. మామకు పళ్లు లేవు. కాఫీలో నానబెట్టి ఆమే తినిపించింది.

మరునాడు పొద్దున మన గడియారం ప్రకారం చాలా ముందే తెల్లారిపోయింది. చేతిలో గడియారం ఒకటే, సూర్యుడే తొందరపడినాడు. నాకు వెంటనే ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. ఒక్కొక్క రేఖాంశానికి నాలుగు నిమిషాలు అని గ్లోబు తిప్పి చెప్పిన మా సోషల్ సారు ఇదిగో ముందు వరుసలోనే ఉన్నారు. అప్పుడే ఆయనకు ఫోను చేసినా. "సార్, ఇక్కడ యాభై నిమిషాల ముందే తెల్లారింది."

అటు నుంచి సారు గొంతు: "ఎన్ని డిగ్రీలు?"

"పదమూడు సార్."

"అయితే యాభై రెండు. సరిగా చెప్పు."

మిత్రులారా, ఓడెక్కమని మీకు చెప్పను. కానీ మీరందరూ "వచ్చే ఏడు చూద్దాం" అని పెట్టుకున్న మనిషి ఒకరుంటారు. ఇంటికి పోయినాక ఒక నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీలో ఆ పేరు, కింద ఒక తేదీ రాయండి. తేదీ మారినా పర్వాలేదు, పేరు రాయడం మాత్రం ఆలస్యం చేయొద్దు.

సెలవు.