విశ్వకథయు, ప్రేక్షకుల తీర్పును

చుక్కలనుబట్టి రాత్రి జాములు లెక్కించుట, కార్తెలనుబట్టి విత్తనము చల్లుట మన పల్లెలకు క్రొత్త కాదు. ఆకాశము మనకు చిరపరిచితము. అయినను ఆ చుక్కలు ఎంత దూరమున నున్నవి, ఈ విశ్వము పుట్టి యెంతకాలమైనది అను ప్రశ్నలను సామాన్యుల యింటి ముంగిటికి తెచ్చిన ప్రదర్శన యొకటి కలదు. అది 1980వ సంవత్సరమున అమెరికాలో ప్రసారమైన ‘కాస్మోస్’ అను టెలివిజను ధారావాహిక. దానిని చూచినవారు ఏమనిరి, వారి మాటలలో గ్రహింపదగినది ఎంత, విడువదగినది ఎంత అనునదియే నేటి ప్రసంగవిషయము.

కార్నెల్ విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రాచార్యుడైన కార్ల్ సేగన్ ఈ ప్రదర్శనకు వ్యాఖ్యాత. ఆయనయు, ఆన్ డ్రుయాన్, స్టీవెన్ సోటర్ అనువారును కలసి దీనిని రచించిరి. మొదటి భాగము 1980 సెప్టెంబరు 28వ తేదీన ప్రసారమయ్యెను. మొత్తము భాగములు 13. భాగమునకు సుమారొక గంట. పిమ్మట అనేక దేశములలో కోట్లకొలది జనులు దానిని చూచిరి.

మెచ్చినవారి మాట మొదట చెప్పెదను. శాస్త్రము చదువని మాకును విశ్వము తెలిసినదని వారు సంతోషించిరి. అందుకు కారణము సేగన్ ఎన్నుకొన్న ఉపమానములు. విశ్వము పుట్టినది మొదలు నేటివఱకు గడచిన కాలమంతయు ఒక్క సంవత్సరమని భావింపుడని ఆయన చెప్పెను. నేటి లెక్క ప్రకారము విశ్వము వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములు. దానిని ఒక్క యేడాదిగా కుదించినచో, ఒక్కొక్క దినము దాదాపు 3 కోట్ల 78 లక్షల సంవత్సరములగును. జనవరి మొదటి తేదీన విశ్వము పుట్టగా, మన భూమి పుట్టునప్పటికి సెప్టెంబరు నెల వచ్చును. వ్రాత నేర్చిన మానవుని చరిత్రయంతయు డిసెంబరు 31వ తేదీ అర్ధరాత్రికి ముందు పదిపన్నెండు సెకనులలో ఇమిడిపోవును. నూఱేండ్లు నిండుగా బ్రతికినవాని జీవితము సెకనులో నాలుగవవంతు కూడ కాదు. ఇంత పెద్ద సంగతిని ఇంత తేలికగా తెలిపినవానిని జనులు మెచ్చుటలో వింత లేదు.

ఇక దూఱినవారు. వ్యాఖ్యాత ముఖమే మాటిమాటికి కనబడుచున్నదని కొందఱు విసుగుకొనిరి. ఊహానౌకలో కూర్చుండి నక్షత్రముల వంక చూచు ఘట్టములు మిక్కిలి దీర్ఘములని మఱికొందఱు అనిరి. ఆయన మాటతీరును హాస్యగాండ్రు అనుకరించి నవ్వించిరి. శతకోట్లు, శతకోట్లు అని ఆయన జంటగా పలికినట్లు లోకమున ప్రచారమయ్యెను. ఆ ప్రదర్శనలో తాను ఆ మాటను అట్లు జంటగా పలుకలేదని సేగన్ చెప్పెను. అయినను నవ్వుచు దానిని అంగీకరించి, తన కడపటి గ్రంథమునకు ఆ మాటనే పేరుగా నుంచెను. 1996వ సంవత్సరమున ఆయన మరణింపగా, ఆ గ్రంథము 1997లో వెలువడెను.

చరిత్రకారుల ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. అలెగ్జాండ్రియా నగరమున హైపేషియా అను విదుషీమణిని క్రీ.శ. 415లో అల్లరిమూక చంపినది. ఆమె మరణమును ఆ నగరపు మహాగ్రంథాలయ నాశమును ఒకే కథగా ఈ ప్రదర్శన కూర్చినది. ఆ గ్రంథాలయము అంతకు ముందే శతాబ్దుల తరబడి క్షీణించినదని చరిత్రకారులు చూపిరి. కథ రక్తి కట్టవలెనని తేదీలను దగ్గఱకు లాగరాదని వారి వాదము, అది న్యాయమైనదే.

తోడి శాస్త్రజ్ఞులలోను ఏకాభిప్రాయము లేకపోయెను. జనులకు బోధించుటలో మునిగినవాడు పరిశోధనకు దూరమగునని తలచినవారు కలరు. 1992వ సంవత్సరమున అమెరికా జాతీయ విజ్ఞానపరిషత్తు ఆయనకు సభ్యత్వము నిరాకరించెను. రెండేండ్లకే, 1994లో, ఆ పరిషత్తే ఆయనకు ప్రజాసంక్షేమ పతకము నొసగి గౌరవించెను. విద్యను సంపాదించుట ఎంత పుణ్యమో, దానిని పదుగురికి పంచుటయు అంత పుణ్యమే యని మన పెద్దలకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

మనవారి అభిప్రాయమును గుఱించి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఈ ధారావాహిక పదవ భాగమున కొంత తమిళదేశమున చిత్రింపబడినది. అందు సంక్రాంతి పండుగ కనబడును. నటరాజమూర్తియందలి సృష్టిలయ సంకేతము వివరింపబడును. మన పురాణములలో బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరములని, రాత్రితో కూడ 864 కోట్లని చెప్పబడినది. సంకల్పము చెప్పునప్పుడు మనము శ్వేతవరాహకల్పమును, వైవస్వతమన్వంతరమును స్మరించుట ఈ లెక్కలోనిదే. నేటి శాస్త్రము భూమికి 454 కోట్ల సంవత్సరములని చెప్పుచున్నది. ఇంత దీర్ఘమైన కాలమును ఊహించినందుకు సేగన్ మన పూర్వులను మనసార శ్లాఘించెను.

ఈ శ్లాఘనమును మనవారు పలువురు నేటికిని సభలలో చెప్పుకొనుచున్నారు. కాని అదే మాటలో, ఈ పొంతన యాదృచ్ఛికమని కూడ ఆయన చెప్పెను. ఆ సగమును విడిచి ఈ సగమునే చెప్పుట సాక్షి ధర్మము కాదు. రచ్చబండ మీద తగవు తీర్చునప్పుడు, సగము సాక్ష్యము విని తీర్పు చెప్పిన పెద్దను ఊరు గౌరవించునా?

మఱియొక ప్రమాదము కూడ కలదు. విశ్వము కొంతకాలము వ్యాకోచించి, పిమ్మట సంకోచించి, మరల పుట్టవచ్చునను ఊహ 1980 నాటికి ప్రచారమున నుండెను. సేగన్ దానిని సృష్టిప్రళయ చక్రముతో పోల్చెను. 1998వ సంవత్సరమున దూరపు నక్షత్రముల విస్ఫోటనములను పరిశీలించిన రెండు శాస్త్రజ్ఞబృందములు, విశ్వవ్యాకోచము తగ్గుటకు బదులు నానాటికి వేగము పుంజుకొనుచున్నదని కనుగొనిరి. దానితో ఆ సంకోచపు ఊహకు బలము తగ్గినది. ఆ ప్రదర్శనలో విశ్వమునకు 1500 కోట్ల సంవత్సరముల వయస్సు చెప్పగా, నేడది 1380 కోట్లయినది. కొలత మెఱుగైనకొలది శాస్త్రజ్ఞుడు లెక్కను దిద్దుకొనును. అది అతనికి లోపము కాదు, వ్రతము. అట్లు మాఱు లెక్కకు మన భక్తిని ముడివేసినచో, లెక్క మాఱిననాడు భక్తి ఏమగును? ఋషులయందలి గౌరవమునకు పరదేశి యోగ్యతాపత్రము అక్కఱలేదు.

2014వ సంవత్సరమున నీల్ డిగ్రాస్ టైసన్ వ్యాఖ్యాతగా ఈ ధారావాహిక క్రొత్త రూపమున వెలువడినప్పుడును, ఇట్టి మెప్పును ఇట్టి ఆక్షేపణయు మరల వినవచ్చెను. విశ్వమును గుఱించి విన్న ప్రతివాడును తన మతమునకు, తన దేశమునకు, తన విద్యకు అందేమి దొరకునా యని వెదకుట సహజము. అట్లు వెదకుటలో తప్పు లేదు. దొరకినదానిని తూచకుండ మూటగట్టుటయే తప్పు.

కావున పెద్దలారా, మీ యింటి పిల్లలు ఇట్టి ప్రదర్శన చూచి వచ్చి, మన శాస్త్రములలో ఇదంతయు ముందే యున్నదట కదా, తాతా, అని అడిగినచో, ఔనని గాని కాదని గాని తొందరపడకుడు. చెప్పినవా డెవడు, పూర్తిగా ఏమి చెప్పెను, నేటికది నిలిచినదా యని మూడు ప్రశ్నలు వారికి నేర్పుడు. పిదప రాత్రి ఆరుబయటకు తీసికొనిపోయి, మీకు తెలిసిన చుక్కలను పేరుపేరున చూపుడు. ఆ రెండును కలసిననాడే విద్య నిలుచును.