తీగ తెంపాం... ఖర్చు తెగిందా?



ఈవేళ నేను చెప్పబోయేది మా ఇంటి లెక్క. ఇంటి గుట్టు రేడియోలో చెప్పుకోవడమేమిటని మావారు నవ్వారు. కాని ఈ లెక్కలో తప్పినదాన్ని నేనొక్కదాన్నే కాదని నా నమ్మకం.

చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల నీడన ప్రయాణం చేసినవారికి మొయినాబాద్ తెలిసే ఉంటుంది. దానికి దగ్గర్లోనే మా ఊరు సురంగల్. మాకు కొద్దిగా పూలతోట ఉంది. మావారు తెల్లవారుజామునే బంతి, చేమంతి మూటలు వేసుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళతారు. అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. టీవీ మాత్రం ఒక్కటే.

2024 ఉగాది వెళ్లిన వారం కేబులు తీయించేశాం. నెలకు 380 రూపాయలు కడుతున్నాం, చూసేదేమో నాలుగైదు చానళ్లు. కరోనా రోజుల్లో, అంటే 2020లో, పిల్లవాడి పాఠాల కోసం పెట్టించిన ఇంటర్నెట్ ఎలాగూ ఉంది. "దానికి కడుతూనే ఉన్నాం గదమ్మా, మళ్లీ ఈ తీగ దేనికి?" అన్నాడు వాడు. నాకూ సబబుగానే తోచింది. ఏడాదికి 4,560 రూపాయలు మిగులుతాయని క్యాలెండరు వెనక రాసి కూడా పెట్టుకున్నాను.

మరుసటి ఉగాదికి బ్యాంకు పుస్తకంలో పద్దులు వేయించుకొచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాను. క్రికెట్టు కోసం పెట్టుకున్నదానికి మూడు నెలలకోసారి 299. అబ్బాయి ఇంగ్లీషు సినిమాలకు నెలనెలా 199. మావారి ఫోనులో ఉన్నదానికి ఏడాది చందా 1,499. తెలుగు సినిమాలకని మరొకదానికి 699. ఇవన్నీ నాకు తెలిసినవే, విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. వీటి మధ్య నెలకు 99 చొప్పున పోతున్నది ఇంకొకటి కనిపించింది. పేరెందుకులెండి! మొదటి వారం ఉచితం అంటే ఒక సినిమా కోసం నేనే సరేనని నొక్కాను. సినిమా చూసి, ఫోనులోంచి ఆ యాప్ తీసేశాను. తీసేస్తే అయిపోయిందనుకున్నాను. అదేమో నిక్షేపంగా పన్నెండు నెలలూ డబ్బు తీసుకుంటూనే ఉంది.

మొత్తం కూడితే 6,970 రూపాయలు! 4,560 మిగుల్చుదామని బయలుదేరి ఆ పైన ఇంకో 2,410 వదిలించుకున్నాం. క్యాలెండరు వెనక రాసింది ఎవరి కంటా పడకుండా చింపేశాను.

మా నాన్నగారి ట్రంకుపెట్టెలో పాత రేడియో లైసెన్సు పుస్తకం ఉండేది. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. తరవాత ఆ లైసెన్సు ఎత్తేశారు. కట్టడం ఇబ్బందే గాని, ఏ రోజున ఎంత చేయి జారిందో మనిషికి తెలిసేది. ఇప్పుడు మనం వంటింట్లో పోపు వేసుకుంటుంటే ఫోనులోంచి డబ్బు దానంతటదే వెళ్లిపోతుంది.

కనుక మొదట చూడవలసింది ఈ 'ఆటోపే'ను. డబ్బు పంపే యాప్‌లోనే ఆటోపే అన్న చోట ఎవరెవరికి అనుమతి ఇచ్చామో వరసగా ఉంటుంది. అక్కడ రద్దు చేయాలి. కార్డు మీద ఇచ్చినవైతే ఆ యాప్‌లో మన ఖాతాలోకి వెళ్లి చందా ఆపాలి. ఊరికే యాప్ తీసేస్తే చందా ఆగదు, నాకు 1,188 రూపాయలకు అబ్బిన జ్ఞానం ఇది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2021 అక్టోబరు నుంచి, ఇలా డబ్బు తీసుకునేముందు కనీసం 24 గంటల ముందుగా మనకు తెలియజేయాలి. నాకూ మెసేజీ వచ్చే ఉంటుంది. లాటరీల వాళ్లవీ ఋణాల వాళ్లవీ వచ్చే మెసేజీల్లో దాన్ని చూసిందెవరు? చందాలో చేర్చుకోవడం తేలికగా, బయటపడడం కష్టంగా పెట్టడాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో తప్పుగా చేర్చింది. ఎవరైనా అలా సతాయిస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు.

రెండోది, ఏడాది చందా సంగతి. చౌక అనిపించి కట్టేస్తాం. మా ఇంట్లో శ్రావణమాసం మొదలు దీపావళి దాకా పూల పని. వినాయక చవితి, బతుకమ్మ, దసరా వరసగా వస్తాయి, టీవీ ముందు కూర్చునే తీరిక ఉండదు. ఆ నెలలకు కూడా కట్టడమెందుకు? ఇప్పుడు మేం నెలకొక్కటే పెట్టుకుంటున్నాం. చూడవలసినవి ఒక కాగితం మీద రాసుకుంటాం, ఆ నెలలో చూసేసి ఆపేస్తాం. సినిమాలెక్కడికీ పారిపోవు. చేరిన రోజునే రద్దు నొక్కినా చాలావాటిలో గడువు తీరేదాకా చూడనిస్తారు, అందుకని మరిచిపోతాననే భయం కూడా లేదు. చిత్రం చెప్పనా? కిందటేడు క్రికెట్టుదీ ఇంగ్లీషు సినిమాలదీ పక్కపక్కనే కట్టిన నెలల్లో మావాడు చూసింది ఒక్కటే. రెండోది ఊరికే ఉంది.

మీ ఫోను రీచార్జిలోనో ఇంటర్నెట్ బిల్లులోనో ఏదైనా యాప్ ఉచితంగా కలిసి వస్తున్నదేమో చూసుకోండి. మావారు 1,499 కట్టినది అబ్బాయి ఫోను పథకంలో అప్పటికే ఉంది! చెల్లెలి పాస్‌వర్డుతో చూసుకుందామనే పాత ఉపాయం మాత్రం అన్ని చోట్లా సాగడంలేదు. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలోనే మన దేశంలో ఒక ఇంటివారికే అని ఆంక్ష పెట్టింది. డబ్బు కడితే ప్రకటనలు ఉండవనే ధీమా కూడా పోయింది. ప్రైమ్ వీడియోలో 2025 జూన్ 17 నుంచి ప్రకటనలు మొదలుపెట్టారు. అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 అన్నారు.

ఇంట్లో ఇంటర్నెట్ లేనివారు తొందరపడి కేబులు తీయించకండి. 499 రూపాయల ఇంటర్నెట్ పథకం 18 శాతం జీఎస్టీతో దాదాపు 589 అవుతుంది. కేవలం టీవీ కోసమే అయితే అక్కడే నష్టం. ఫోను డేటాతో సరిపెడదామంటే, స్పష్టమైన హెచ్‌డీ బొమ్మకు గంటకు మూడు జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు రెండు జీబీల పథకంలో సినిమా విశ్రాంతి దాకా కూడా రాదు. మామూలు బొమ్మ పెట్టుకుంటే గంటకు ఒక జీబీలోపే. మా చిన్న టీవీలో నాకైతే తేడా కనిపించలేదు, మావాడు మాత్రం ముఖం చిట్లించాడు.

నెలనెలా ఏమీ కట్టనక్కరలేనివీ ఉన్నాయి. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌కు గొడుగు, పెట్టె ఒకసారి కొనుక్కుంటే చాలు. ప్రసార భారతి 2024 నవంబరులో 'వేవ్స్' అనే యాప్ తెచ్చింది, అందులో దూరదర్శన్ చానళ్లు ఉచితం. పాత తెలుగు సినిమాలు యూట్యూబులో ఎన్నో ఉన్నాయి.

డబ్బు లెక్క ఇంతవరకే అయితే నేను ఈ ప్రసంగానికి ఒప్పుకునేదాన్ని కాదు.

కేబులు తీసేశాక అత్తమ్మ ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఏడు దాటాక కాసేపు బయటికి వెళ్లి వస్తుండేది. వాకిట్లో గాలికి కూర్చుంటున్నదనుకున్నాను. ఒక రోజు సందులో ఎదురింటావిడ, "మీ అత్తమ్మ దినాం మా ఇంటికొచ్చి సీరియల్ సూసి పోతది, నిన్న రాలేదు, పాణం మంచిగ లేదా?" అని అడిగింది. నాకు తల తీసేసినట్లయింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, కర్ర పట్టుకుని, చీకట్లో, ఏడాదిగా పరాయి ఇంటి గడప దగ్గర కూర్చుని చూసి వస్తున్నది!

ఎందుకు చెప్పలేదని అడిగితే, "నీకెందుకు బిడ్డా పరేషాన్? పైసలు మిగుల్తయని నువ్వే అంటివి గద," అంది.

ఆ యాప్‌లన్నిటిలో ఆమెదంటూ ఒక్కటీ లేదు. ఉన్నా, ఆ రిమోటుతో అక్షరాలు వెతికి తెరవడం ఆమె వల్ల కాదు. ఒకటి నొక్కితే ఒక చానలు రావాలి, అంతే.

అప్పుడు కేబులాయనను పిలిచి అడిగాను. 2019 ఫిబ్రవరి నుంచి మనకు కావలసిన చానలును విడిగా ఏరుకునే హక్కు ఉందట! ఇన్నేళ్లూ నేను అడగనూ లేదు, ఎవరూ చెప్పనూ లేదు. కనీస రుసుము 130 దాటరాదని అప్పుడు ట్రాయ్ పెట్టింది. 2024 జూలైలో ఆ హద్దు తీసేసింది గనుక మీ దగ్గర ఎంతో కనుక్కోండి. మా దగ్గర ఇంకా 130 మీదే ఇస్తున్నారు. అత్తమ్మ చానలుకు 19. పన్నుతో కలిపి 176 రూపాయలు. తీయించేముందే అడిగి ఉంటే ఈ ఏడాది కథే ఉండేది కాదు.

ఇప్పుడు కేబులుకు ఏడాదికి 2,112. ఏడు నెలలు ఒక్కొక్క యాప్, నెలకు 199 చొప్పున 1,393. మొత్తం 3,505. పాత ఖర్చు మీద మిగిలేది వెయ్యికి కాస్త పైన, అంతే. మొదట కలగన్న 4,560 కాదు.

సాయంత్రం ఏడున్నరకు అత్తమ్మ తన చానలు తనే పెట్టుకుంటుంది. ఆ అంకె మీద నేను ఎర్రని గోళ్లరంగు చుక్క పెట్టాను. ఇప్పుడు ఎదురింటావిడే మా ఇంటికి వస్తున్నది, పూలు కట్టుకుంటూ ఇద్దరూ చూస్తారు. ప్రకటనలు వచ్చినప్పుడు అత్తమ్మ నావైపు తిరిగి, "ఈ నెల పోరనిది బంజేసినవా?" అని అడుగుతుంది. మొన్న నిజంగానే మరిచిపోయాను, ఆమె అడిగాక లేచి ఫోను తీసుకున్నాను.