తళ్లికోట తర్వాత: కాలువ చెప్పే చరిత్ర

 

1565 జనవరి 23న దక్కను సుల్తానులతో తళ్లికోట యుద్ధం జరిగింది, విజయనగర రాజ్యాన్ని నడిపిన రామరాయలు మరణించాడు, విజయనగరం పతనమైంది. పిల్లలకు ఇలా ఒక్క ముక్కలో చెప్పేస్తున్నాం. పరీక్షకు అది చాలు, చరిత్రకు చాలదు. ఏళ్లుగా నన్ను వదలని రెండు ప్రశ్నలు మీ ముందుంచుతాను.

మొదటిది, ఎవరిపై ఎవరి యుద్ధమిది? ఆ రోజు ఎదుటి పక్షాన నిలిచిన గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా ఒకప్పుడు ప్రాణభయంతో విజయనగరంలోనే ఏడేళ్లు తలదాచుకున్నాడు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఆయన్నే. అద్దంకి గంగాధరకవి రాసిన తపతీసంవరణోపాఖ్యానానికి కృతిపతి ఆయనే. రామరాయల సేనలో ముస్లిం దళపతులున్నారు. అంతకుముందు అహ్మద్‌నగర్ మీదికి రామరాయలు వెళ్లింది బీజాపూర్, గోల్కొండ సేనలను కలుపుకునే. కాబట్టి దీన్ని రెండు మతాల పోరుగా తేల్చేయలేం. ఒక సుల్తానుపై మరొకరిని ప్రయోగించిన రామరాయల నీతి, చివరికి వాళ్లందరినీ ఒక్కటి చేసిందని నా అభిప్రాయం.

రెండోది, నగరం ఎందుకు మళ్లీ లేవలేదు? రాజ్యం ఆ రోజుతో అంతరించలేదు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండ చేరాడు. ఆరవీటి వంశం తర్వాతి శతాబ్దిలోనూ పాలించింది. యుద్ధమైన రెండేళ్లకు, 1567లో, వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ ఆ నగరంలో నెలల తరబడి ఉన్నాడు. ఇళ్లు నిలిచే ఉన్నాయి, మనుషులే లేరని రాశాడు. తిరుమలరాయలు జనాన్ని తిరిగి నింపాలని చూసినా సాగలేదు.

దీనికి జవాబు కోటగోడల్లో కన్నా తుంగభద్ర కాలువల్లో దొరుకుతుందనుకుంటాను. ఆనాటి కాలువల్లో కొన్ని నేటికీ ఆ నగరమున్న చోటైన హంపి చుట్టుపక్కల అరటి తోటలను, వరిమళ్లను తడుపుతున్నాయి. హంపి గుడిలో విరూపాక్షుడికి పూజలు జరుగుతూనే ఉన్నాయి. కానీ గుర్రాల బేరం, రత్నాల అంగడి, సైనికుల జీతాలు రాజు కొలువు మీద ఆధారపడ్డాయి. కొలువు కదలగానే అవీ కదిలాయి. రాజును నమ్ముకున్న నగరం రాజుతోనే తరలిపోయింది, నీటిని నమ్ముకున్న పల్లె నిలిచింది.

మిత్రులారా, యుద్ధాన్ని రణభూమి దగ్గరే ఆపేయకండి. కల్నల్ మెకంజీ సేకరించిన గ్రామ చరిత్రలు, కైఫీయతులు చదవండి. 1565 తర్వాతి దానశాసనాలు వెతకండి. చెరువుగట్టున కూర్చుని రైతులను అడగండి. ఎవరు గెలిచారన్న ప్రశ్నతో పాటు, ఆ మరుసటి ఏడాది నాట్లు ఎవరు వేశారన్న ప్రశ్న కూడా ప్రతి పరిశోధనపత్రంలో ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.