వాచీతో పాటు థర్మామీటర్ కూడా

మేము సైట్లలో పనిచేసేవాళ్లం, డాక్టర్లం కాదు. మా రూములో జరిగిన ఒక సంగతి చెప్పుకుందామని వచ్చాం.

మా రూములో ఉండే ఒక తమ్ముడి తల్లి జగిత్యాల దగ్గర పల్లెలో ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. కొడుక్కి సెలవు దొరకలేదు. అందరం తలా కొంత వేసుకుని స్మార్ట్ వాచీ కొని, ఊరికి పోయేవాళ్లతో పంపించాం. లెక్కలు కొడుకు ఫోనుకు వచ్చేటట్టు పెట్టాం. డ్యూటీ దిగి రాగానే అమ్మ ఎన్ని అడుగులు నడిచింది, గుండె ఎట్లా కొట్టుకుంటోంది అని అందరం చూసేవాళ్లం.

రెండో కీమో అయిన పదో రోజు అడుగులు సగానికి పడిపోయాయి. పడుకున్నా గుండె వేగం తగ్గలేదు. ఫోన్ చేస్తే "ఏం లేదు బిడ్డా, ఒళ్లు కొంచెం వెచ్చగుంది, అంతే" అంది. వాచీలో చర్మం వేడి మామూలుగానే ఉంది. సరేలే అని పడుకున్నాం. తెల్లారి చెల్లెలు థర్మామీటర్ పెడితే 102. ఆసుపత్రిలో వారం ఉంచారు. అమ్మ బతికింది. ఆ రాత్రి మేము పోగొట్టిన గంటలు మాత్రం ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటాయి.

తర్వాత డాక్టరు చెప్పింది ఇదీ. కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాలి. అడగకుండా జ్వరం గోళీ వేయకూడదు, వేస్తే జ్వరం కనబడకుండా పోతుంది. వాచీ చూపేది చర్మం వేడి, లోపలి జ్వరం కాదు. ఆక్సిజన్ లెక్క కూడా చేతులు చల్లబడినా, పట్టీ వదులైనా తప్పు చూపవచ్చు. ఆపరేషన్ అయిన వైపు చేతికి పట్టీ బిగించకూడదు, వాపు రావచ్చు.

అట్లని వాచీ దండగ కాదు. ఆ రోజు అడుగులు, గుండె లెక్క నిజమే చెప్పాయి. వినాల్సింది మేము. రసమట్టం గోడ వంకర చూపిస్తుంది, సరిచేయాల్సింది మేస్త్రీయే గదా!

అందుకని వాచీ పంపేవాళ్లు థర్మామీటర్ కూడా పంపండి. వార్డు నంబరు, 108, రాత్రిపూట వచ్చే ఆటో అన్న నంబరు గోడ మీద రాయించండి. మనం దూరంగా ఉన్నాం. లెక్కలు తేడా కొడితే తెల్లారేదాకా ఆగకుండా పక్కింటివాళ్లనైనా లేపుదాం.